నూనె నీటిలో లైపేజ్: పామాయిల్ మిల్లు వ్యర్థ జలంపై ప్రాజెక్టు డైరీ

మొదటి వారం, సోమవారం

పామాయిల్ మిల్లులోకి గెల వెళ్ళగానే జరిగే మొదటి పని దానిని ఆవిరిలో ఉడికించడం. పండు గెల నుంచి సులువుగా ఊడిరావడం అందుకు ఒక కారణమైతే, పండు గుజ్జులోనే ఉండే లైపేజ్ అనే ఎంజైమును చంపడం మరో కారణం. గెల దెబ్బతిన్నా, కోసిన తరువాత ఎక్కువసేపు నిలవ ఉన్నా ఆ లైపేజ్ నూనెను కొవ్వు ఆమ్లాలుగా విడగొడుతుంది. ముడి నూనెలో స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు 5 శాతం దాటితే సరుకు నాసి కింద లెక్క. కోసిన 24 గంటల్లోపు గెలలు మిల్లుకు చేరాలని రైతులకు అన్నిసార్లు చెప్పేది ఇందుకే. మిల్లు మొదటి మెట్టులో అంత ఆవిరి ఖర్చుపెట్టి చంపే ఎంజైము రకాన్నే, చివరి గుంటలో మిగిలిపోయిన నూనె మీదికి మేము డబ్బిచ్చి కొని తెచ్చి వదలబోతున్నాము. ప్రాజెక్టు పత్రంలో ఈ మాట రాయలేదు కానీ, డైరీ దీనితోనే మొదలుపెట్టాలనిపించింది.

మా కళాశాల రసాయన శాస్త్ర విభాగంలో ఇద్దరు ఎమ్మెస్సీ విద్యార్థులతో చేయిస్తున్న పని ఇది. ఏలూరు జిల్లాలో ఆయిల్ పామ్ తోటలు విస్తారంగా ఉన్నాయి. భారతీయ ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ ఉన్నది కూడా ఈ జిల్లాలోని పెదవేగిలోనే. అందువల్ల నమూనా నీటికి దూరం వెళ్ళవలసిన అవసరం మాకు లేదు. మేము తలపెట్టినది ఇది: కాండిడా రుగోసా అనే ఈస్టు నుంచి తీసిన లైపేజును అయస్కాంత గుణమున్న ఇనుప ఆక్సైడు నానో కణాలకు కట్టివేసి, ఆ కణాలను మిల్లు వ్యర్థ జలంలో కలిపి, నూనె విడిపోయాక అయస్కాంతంతో వెనక్కి లాగి, మళ్ళీ వాడుకోవడం. ఎంజైమును ఏదైనా ఘన పదార్థానికి పట్టించినా అది పని మానదని 1916లో నెల్సన్, గ్రిఫిన్ అనే ఇద్దరు గమనించారు. వారు వాడింది బొగ్గు, ఎంజైము చక్కెరను విడగొట్టే ఇన్వర్టేజ్. వందేళ్ళు దాటిన ఆలోచనే ఇది. మేము బొగ్గు స్థానంలో అయస్కాంత కణాన్ని, ఇన్వర్టేజ్ స్థానంలో లైపేజును పెట్టాము, అంతే.

మొదటి వారం, గురువారం

నమూనా తేవడానికి మిల్లుకు వెళ్ళాము. చివరి నూనె తొట్టి దాటి నీరు కాలువలో పడేచోట అది వేడి వేడిగా, మందంగా, చింతపండు పులుసు రంగులో ఉంది. ఇలాంటి నీటికి పుస్తకాలలో ఇచ్చే మామూలు అంకెలు చూస్తే, విడుదలయ్యేటప్పుడు ఉష్ణోగ్రత 80 నుంచి 90 డిగ్రీలు, పీహెచ్ 4కు 5కు మధ్య, లీటరుకు సీఓడీ (నీటిలోని మలినాన్ని రసాయనికంగా ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్) సుమారు 50,000 మి.గ్రా., బీఓడీ (సూక్ష్మజీవులు ఆ మలినాన్ని తినడానికి వాడుకునే ఆక్సిజన్) 25,000 మి.గ్రా., నూనె-గ్రీజు 4,000 మి.గ్రా. పైన ఉంటాయి. పర్యావరణ పరిరక్షణ నియమాల ప్రకారం చెరువు, కాలువ వంటి జలాలలోకి వదిలే నీటిలో నూనె-గ్రీజు లీటరుకు 10 మి.గ్రా. మించకూడదు. నాలుగు వేలకూ పదికీ మధ్య ఉన్న దూరం తెలిశాక, ఏ ఒక్క విద్యతోనైనా దానిని దాటగలమన్న భ్రమ మాకు ఉండకూడదు.

మేము ప్లాస్టిక్ క్యాన్లు పట్టుకెళ్ళాము. అక్కడి ప్రయోగశాలలో పనిచేసే పెద్దాయన వాటిని చూసి నవ్వి, "ఏవండీ మాస్టారూ, ఇది చల్లారిందంటే క్యాన్ గోడకే పట్టేస్తుందండీ, మళ్ళీ మీకు రాదు" అన్నాడు. ఆయన మాట వినకుండా తెచ్చాము.

మొదటి వారం, శనివారం

ఆయన చెప్పినట్టే అయింది. పామాయిల్ చల్లని వేళల్లో పేరుకుపోయే నూనె. తెల్లవారేసరికి క్యాన్ లోపలి గోడ మీద వెన్నలాంటి నారింజ రంగు పొర ఏర్పడింది. పైనుంచి వంచుకున్న 250 మి.లీ. నీటిలో నూనె కొలిస్తే లీటరుకు వెయ్యి మి.గ్రా. కూడా రాలేదు. ఈ పరీక్షకు గాజు సీసాలోనే నమూనా పట్టాలని, సీసాలో ఉన్నదంతా వాడాలని, ఖాళీ అయిన సీసాను కూడా నూనెను కరిగించే హెక్సేను అనే ద్రావకంతో కడిగి ఆ కడుగును కలపాలని ప్రామాణిక పద్ధతిలో స్పష్టంగా ఉంది. మేము చదివాము, పాటించలేదు. గాజు సీసాలతో మళ్ళీ వెళ్ళి తెచ్చిన నీటిలో 4,600 మి.గ్రా. వచ్చింది. ఇకమీద ఈ డైరీలో నూనె అంకె ఏది రాసినా, సీసా మొత్తం కడిగి తీసినదేనని అర్థం.

రెండో వారం

కణాల తయారీ. ఫెర్రిక్ క్లోరైడు 5.41 గ్రాములు, ఫెర్రస్ సల్ఫేటు 2.78 గ్రాములు, అంటే మూడు వేలెన్సీ ఇనుము రెండు పాళ్ళు, రెండు వేలెన్సీ ఇనుము ఒక పాలు. రెండింటినీ నీటిలో కరిగించి, వేడిచేస్తూ, గిలకొడుతూ అమ్మోనియా పోస్తే మాగ్నెటైటు, అంటే అయస్కాంత గుణమున్న ఇనుప ఆక్సైడు కణాలు అవక్షేపంగా దిగుతాయి. ఇది 1981లో మాసార్ అనే శాస్త్రవేత్త ప్రచురించిన పద్ధతికి దగ్గరిది. ఖరీదైన పరికరం ఏదీ అక్కరలేదు.

మొదటి విడత కాఫీపొడి రంగులో వచ్చింది. అయస్కాంతం పెడితే సగం కదిలింది, సగం కదలలేదు. తప్పు ఎక్కడుందా అని వెతికితే ఫెర్రస్ సల్ఫేటు సీసాలో దొరికింది. లేత ఆకుపచ్చగా ఉండవలసిన స్ఫటికాల మీద పసుపు-గోధుమ రంగు పెచ్చు కట్టి ఉంది. రెండు వేలెన్సీ ఇనుములో కొంత భాగం సీసాలోనే ఆక్సీకరణం చెందింది కాబట్టి, మేము తూచినది రెండుకు ఒకటి నిష్పత్తి కాదు. కొత్త సీసా తెప్పించి, నీటిలోంచి అరగంట నైట్రోజన్ బుడగలు పంపి గాలి తీసేసి చేసిన రెండో విడత నల్లని కాటుకలా దిగింది. పాత హార్డ్ డిస్కు విప్పి తీసిన నియోడిమియం అయస్కాంతాన్ని బీకరు పక్కన ఆనిస్తే, నిమిషం లోపే కణాలన్నీ గోడకు చేరి నీరు తేటపడింది. అయస్కాంతం తీసి కుదిపితే మళ్ళీ మామూలుగా విడిపోయాయి. కణాలు పది నానోమీటర్ల దరిదాపుల్లో ఉంటే ఇలాగే జరగాలి. కణం పెద్దదైతే అయస్కాంతం తీసిన తరువాత కూడా ఒకదానినొకటి పట్టుకుని గడ్డలు కడతాయి.

విద్యార్థులకు ఒక లెక్క చేయించాను. పది నానోమీటర్ల గోళం, మాగ్నెటైటు సాంద్రత ఘన సెంటీమీటరుకు 5.2 గ్రాములు అనుకుంటే ఒక గ్రాము కణాల ఉపరితలం సుమారు 115 చదరపు మీటర్లు, అంటే పన్నెండు వందల చదరపు అడుగులు పైనే. రెండు పడకగదుల ఫ్లాటు నేల ఒక గ్రాములో ఇమిడి ఉన్నట్టు. నానో అన్న మాటకు ఈ పనిలో ఉన్న అసలు విలువ ఆ నేల విస్తీర్ణమే.

మూడో వారం

వట్టి ఇనుప ఆక్సైడుకు ఎంజైము ఊరికే అతుక్కుంటుంది, కానీ సబ్బు నీరు తగిలితే ఊడిపోతుంది. అందుకని మధ్యలో ఒక కొక్కెం కావాలి. అమైనోప్రొపైల్ ట్రైఎథాక్సీసిలేను కణం మీది హైడ్రాక్సిల్ సమూహాలతో కలిసి నైట్రోజన్ ఉన్న అమీను కొసను బయటికి పెడుతుంది. గ్లుటరాల్డిహైడ్‌కు రెండు చివరలా ఆల్డిహైడ్ ఉంటుంది కాబట్టి ఒక చివర ఆ అమీనును పట్టుకుంటే, రెండో చివర ఎంజైములోని లైసీను అనే అమైనో ఆమ్లాన్ని పట్టుకుంటుంది.

సిలేను సీసా తెరిచి ఎన్నాళ్ళయిందో విభాగంలో ఎవరికీ గుర్తులేదు. గాలిలోని తేమకే అది తనలో తాను అల్లుకుపోయి అడుగున తెల్లని జిగురు గడ్డ కట్టింది. పైన తేటగా ఉన్నదానిని నమ్మి వాడాము. అమీను నిజంగా ఎక్కిందా లేదా అన్నది నల్లటి కణం మీద కంటికి కనబడదు. సిలికా మీద చేసేవారికి గ్లుటరాల్డిహైడ్ పోయగానే నారింజ రంగు తిరిగి మనసు కుదుటపడుతుంది, మాకు ఆ భాగ్యం లేదు. బాగా కడిగిన కణాలకు, అమీను ఉంటే రంగు తిరిగే నిన్‌హైడ్రిన్ పోసి వేడిచేసి, అయస్కాంతంతో కణాలను పక్కకు లాగి చూస్తే పైతేట నేరేడు పండు రంగుకు తిరిగింది. సిలేను వేయని కణాలతో చేసినప్పుడు ఆ రంగు రాలేదు. ఆ రెండు పరీక్షనాళికలను పక్కపక్కన నిలబెట్టి విద్యార్థిని చాలాసేపు చూసుకుంది. ఈ వారం మొత్తంలో మాకు దక్కినది అదొక్కటే.

నాలుగో వారం

ఎంజైమును కట్టిన వారం. కొన్న పొడి శుద్ధ ఎంజైము కాదు; తూచిన బరువులో ప్రొటీన్ కొంత, మిగిలినది పూరకం. అందుచేత "గ్రాముకు ఇన్ని మి.గ్రా. ఎంజైము" అని రాసేటప్పుడు పొడి బరువు కాదు, రంగును బట్టి ప్రొటీన్‌ను లెక్కగట్టే బ్రాడ్‌ఫర్డ్ పద్ధతిలో కొలిచిన ప్రొటీన్ బరువే రాయాలని నియమం పెట్టుకున్నాము.

ఎంజైము ద్రావణంలో కణాలను నాలుగు గంటలు చల్లగా ఊపి, అయస్కాంతంతో లాగి, పైతేటలో ఎంత ప్రొటీన్ మిగిలిందో కొలిస్తే, పోసినదాంట్లోంచి అది తీసివేయగా వచ్చినది కణాల మీద ఉన్నట్టు. ఇక్కడ ఒక చిన్న మోసం ఉంది. కంటికి తేటగా కనిపించే నీటిలో కూడా అతి సన్నని కణాలు కొన్ని తేలుతూ ఉంటాయి. 595 నానోమీటర్ల వద్ద అవి కాంతిని చెదరగొట్టి, ప్రొటీన్ ఉన్నట్టు చూపిస్తాయి. ఒకసారి పైతేటలో మేము పోసినదానికంటే ఎక్కువ ప్రొటీన్ ఉన్నట్టు లెక్క తేలింది. అయస్కాంతం మీద పావుగంట ఆగి, తరువాత సెంట్రిఫ్యూజులో తిప్పి కొలిస్తే అంకె దారికి వచ్చింది. మొదటి మూడు కడుగు నీళ్ళను కూడా లెక్కలో కలపాలి. కలపనివారికి ఎంజైము ఎక్కువ పట్టినట్టు కనిపిస్తుంది.

గ్లుటరాల్డిహైడ్ గాఢత రెండు రకాలుగా పెట్టి చూశాము. ఎక్కువ పోసిన కణాలకు ప్రొటీన్ ఎక్కువ పట్టింది, పని మాత్రం తక్కువ చేసింది. లైపేజ్ క్రియాస్థానం మీద ఒక మూత ఉంటుంది. నూనె-నీరు కలిసే అంచు తగిలినప్పుడు ఆ మూత తెరుచుకుంటుంది, అప్పుడే ఎంజైము పనిలోకి దిగుతుంది. అన్ని వైపుల నుంచీ గట్టిగా కట్టేస్తే ఆ మూత కదలడానికి చోటుండదు. ఇది మా ఊహే, రుజువు చేసే పరికరాలు మా దగ్గర లేవు. అయినా తక్కువ గ్లుటరాల్డిహైడ్‌తో, కట్టే సమయంలో కొద్దిగా ట్రైటాన్ అనే సబ్బు లాంటి పదార్థం కలిపి మూత తెరిచి ఉంచే ప్రయత్నం చేసినప్పుడు ఒక్కో మి.గ్రా. ప్రొటీన్ చేసే పని పెరిగింది. ట్రైటాన్ ఉన్న ద్రావణంలో బ్రాడ్‌ఫర్డ్ పరీక్ష చెడిపోతుంది కాబట్టి, ఆ విడతలో ఎంత పట్టిందన్న అంకెను గట్టిగా నమ్మలేను.

ఐదో వారం

ఇది రాయడానికి కాస్త సిగ్గుగా ఉంది. మంగళవారం సాయంత్రం విద్యార్థి పరుగెత్తుకుంటూ వచ్చి, "సార్, కణాలకు కట్టాక మన ఎంజైము పీహెచ్ 8 దగ్గర బాగా పనిచేస్తోంది, కట్టకముందు 7 దగ్గర పనిచేసేదని చదివాం కదా, మారిపోయింది" అన్నాడు. ఎంజైమును కట్టినప్పుడు అనుకూల పీహెచ్ జరగడం గురించి ఎన్నో పత్రాలు ఉన్నాయి. నేను కూడా సంతోషించి గ్రాఫు గీయమన్నాను.

రాత్రి ఇంటికి వచ్చాక ఒక అనుమానం పీకింది. ఎంజైము పనిని కొలవడానికి మేము వాడుతున్నది పారా-నైట్రోఫినైల్ పామిటేటు. లైపేజ్ దానిని తుంచితే పారా-నైట్రోఫినాల్ వస్తుంది, అది పసుపు రంగు, 410 నానోమీటర్ల వద్ద కొలుస్తాము. కానీ పసుపు రంగు ఆ అణువు అయాను రూపానికి మాత్రమే ఉంటుంది. దాని పీకేఏ, అంటే సగం అణువులు అయాను రూపంలో ఉండే పీహెచ్, 7.15. అంటే పీహెచ్ 7 వద్ద పుట్టిన నైట్రోఫినాల్‌లో నూటికి 41 పాళ్ళు మాత్రమే పసుపు. పీహెచ్ 8 వద్ద 88 పాళ్ళు పసుపు. ఎంజైము రెండు చోట్లా సరిగ్గా ఒకే పని చేసినా, 8 దగ్గర రెండింతలకు పైగా చేసినట్టు యంత్రం చూపిస్తుంది. మా విద్యార్థి కనిపెట్టినది లైపేజ్ స్వభావం కాదు, రంగు స్వభావం.

మరునాడు ప్రతి నాళికలో చర్యను సోడియం కార్బొనేటుతో ఆపి, అన్నింటినీ ఒకే ఎక్కువ పీహెచ్‌కు తెచ్చి మళ్ళీ కొలిపించాను. 8 దగ్గరి శిఖరం కరిగిపోయింది, 7కు 7.5కు మధ్య ఒక గుండ్రటి దిబ్బ మిగిలింది, కట్టిన ఎంజైముకూ కట్టని ఎంజైముకూ దాదాపు ఒకేచోట. అదే రోజు మరొకటి బయటపడింది. ఎంజైము లేని, అమీను మాత్రమే ఉన్న కణాలు కూడా ఆ ద్రావణాన్ని నెమ్మదిగా పసుపు చేశాయి. అమీనులు నైట్రోఫినైల్ ఎస్టర్లను తమంతట తామే తుంచగలవు. కాబట్టి ఖాళీ కణాల రీడింగును తీసివేయకుండా రాసిన ప్రతి అంకె కొంత ఉబ్బినదే.

ఇక రంగు పరీక్షను పక్కన పెట్టి, పాత పద్ధతికి వెళ్ళాము. గమ్ అరబిక్‌తో గిలకొట్టిన ఆలివ్ నూనెలో ఎంజైమును అరగంట ఉంచి, ఆల్కహాలుతో చర్య ఆపి, పుట్టిన కొవ్వు ఆమ్లాన్ని 0.05 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌తో ఫినాఫ్తలీన్ గులాబీ రంగు నిలిచేదాకా టైట్రేట్ చేయడం. ఖాళీ నాళికకూ దీనికీ బ్యూరెట్‌లో 3 మి.లీ. తేడా వస్తే 150 మైక్రోమోల్ ఆమ్లం పుట్టినట్టు, అంటే నిమిషానికి 5, అంటే 5 యూనిట్లు. ఇందులో మనసును మురిపించే రంగు గ్రాఫులు రావు, కానీ చేతికి వచ్చినది నిజంగా కొవ్వు ఆమ్లమే.

ఆరో వారం

ఆలివ్ నూనె మంచి విద్యార్థి లాంటిది, ఏది అడిగితే అది చెబుతుంది. మిల్లు నీరు అలాంటిది కాదు.

మొదటి ఆటంకం ఆమ్లత. పీహెచ్ 4.5 వద్ద మా ఎంజైము మందకొడిగా ఉంటుంది. మాగ్నెటైటు నుంచి కొద్దికొద్దిగా ఇనుము కూడా ఊరుతుంది. ఒక రాత్రి అలాగే వదిలేసిన నీటికి ఆమ్లం, పొటాషియం థయోసయనేటు కలిపితే నెత్తురు రంగు తిరిగింది. మిల్లుల్లో చవకగా దొరికేది సున్నం కదా అని సున్నపు తేటతో పీహెచ్ పెంచాము. అది మేము చేసిన పెద్ద పొరపాటు. విడిపోయిన కొవ్వు ఆమ్లంతో కాల్షియం కలిసి కరగని సబ్బు ఏర్పడింది. గంటలోపే కణాల చుట్టూ బూడిద రంగు మైనం లాంటి పూత కట్టింది. అయస్కాంతానికి వచ్చినవి కణాలు కాదు, ముద్దలు. వాటిని వేలితో నలిపితే కొవ్వొత్తి చివర నలిపినట్టు జారాయి. తరువాతి విడత నుంచి వంటసోడా వాడాము, ఖర్చు ఎక్కువైనా.

రెండో ఆటంకం పీచు. గెల నుంచి వచ్చిన సన్నని నార పోగుల్లో కణాలు చిక్కుకుంటాయి. పలుచని నూలు గుడ్డలో వడకడితే పీచు పోతుంది, దానితోపాటు పీచుకు అంటుకున్న నూనె కూడా కొంత పోతుంది. అందువల్ల వడకట్టాక నూనె కొలతను మళ్ళీ మొదటినుంచి చేయవలసి వచ్చింది.

మూడోది మేము అనుకోనిది. నూనె బొట్టు అంచున ఘన కణాలు పేరుకుంటే ఆ బొట్టు మరో బొట్టుతో కలవదు, ఎమల్షన్ (నూనె బొట్లు నీటిలో చెదిరి ఉన్న మిశ్రమం) విరగదు. అంటే నూనెను నీటినుంచి విడదీయడానికి తెచ్చిన కణాలే నూనెను నీటిలో నిలబెట్టే కాపలాదార్లయ్యాయి. ఎంజైము పనికి ఇది మేలే, అంచు ఎంత ఎక్కువ ఉంటే దానికి అంత పని దొరుకుతుంది. కానీ పైకి తేలిన నూనెను గరిటెతో తీసేసే మిల్లు పద్ధతికి ఇది అడ్డం. అందుచేత ఈ కణాల చోటు నూనె తొట్టికి ముందు కాదు, తరువాత.

ఏడో వారం, బుధవారం

అసలు ప్రశ్న అడిగిన రోజు. 40 డిగ్రీల వద్ద, పీహెచ్ 7 వద్ద ఆరు గంటలు ఎంజైము కణాలతో ఊపిన నీటినుంచి కణాలను లాగేసి, మిగిలిన నీటిలో నూనె-గ్రీజు కొలిచాము. సుమారు మూడో వంతు తగ్గింది. విద్యార్థులు మిఠాయి తెస్తామన్నారు. ఖాళీ కణాలతో చేసిన జత సీసా రీడింగు వచ్చేదాకా ఆగమన్నాను.

ఖాళీ కణాల సీసాలో కూడా ఇంచుమించు అంతే తగ్గింది.

ఏడో వారం, శనివారం

రెండు రోజులు ఎవరమూ సరిగా మాట్లాడుకోలేదు. ఇవాళ బల్ల దగ్గర కూర్చుని మొదటినుంచి ఆలోచించాము. ముందుగా, లాగేసిన కణాలను హెక్సేనుతో కడిగాము. తగ్గిందనుకున్న నూనెలో చాలా భాగం ఆ కడుగులో బయటపడింది. నూనె మాయం కాలేదు. కణాలతోపాటు అయస్కాంతం వైపు నడిచి వెళ్ళింది. క్యాన్ గోడకు పట్టిన నూనెను వదిలేసి నీటిలో నూనె తక్కువన్న మొదటి వారపు పొరపాటే ఇది, ఈసారి గోడ బదులు కణం.

ఇక ఎంజైము చేసినదేమిటి? నూనె-గ్రీజు పరీక్షలో నమూనాకు ముందు ఆమ్లం కలిపి పీహెచ్ 2 కంటే కిందికి తెస్తారు, తరువాత హెక్సేనుతో లాగుతారు. ఆ ఆమ్లంలో సబ్బు రూపంలో ఉన్నది కూడా కొవ్వు ఆమ్లంగా మారి హెక్సేనులోకి వచ్చేస్తుంది. పామాయిల్‌కు నమూనాగా ట్రైపామిటిన్ అనే కొవ్వును తీసుకుంటే, దాని ఒక మోల్ బరువు 807 గ్రాములు. అది పూర్తిగా విడిపోతే వచ్చే మూడు మోల్‌ల పామిటిక్ ఆమ్లం బరువు 769 గ్రాములు. నీటిలో కరిగి మనకు దొరకకుండా పోయేది గ్లిజరాల్ మాత్రమే. అంటే లైపేజ్ తన పని నూటికి నూరు పాళ్ళు చేసినా, ఈ పరీక్షలో నూనె-గ్రీజు తగ్గేది 5 శాతం లోపే. 4,600 ఉన్నచోట 4,380 దాకా వస్తుంది, అంతే. చట్టం అడిగే 10కి ఎంజైము ఒక్కటే ఎన్ని జన్మలకూ తీసుకుపోలేదు.

ఇది తెలియని రహస్యమేమీ కాదు, డిగ్రీ మొదటి సంవత్సరం లెక్క. అయినా ప్రాజెక్టు పత్రంలో "లైపేజ్ ద్వారా నూనె-గ్రీజు తొలగింపు శాతం" అన్న పట్టిక గీసి పెట్టినది నేనే. ఆ పట్టికను ఇవాళ కొట్టేశాము. దాని స్థానంలో, హెక్సేను ఆవిరయ్యాక మిగిలిన కొవ్వును ఆల్కహాలులో కరిగించి ఆమ్ల విలువ, అంటే గ్రాము కొవ్వులోని స్వేచ్ఛా ఆమ్లాన్ని తటస్థం చేయడానికి పట్టే క్షారం, కొలుస్తున్నాము. శుద్ధ పామిటిక్ ఆమ్లానికి ఆ విలువ గ్రాముకు 219 మి.గ్రా. పొటాషియం హైడ్రాక్సైడ్, విడిపోని నూనెకు సున్నాకు దగ్గర. ఖాళీ కణాల సీసాలో ఆమ్ల విలువ మొదట ఎంత ఉందో అంతే ఉంది. ఎంజైము కణాల సీసాలో అది పైకెక్కింది, కొవ్వులో సగానికి పైగా విడిపోయినట్టు. ఎంజైము తన పని తాను చేసింది. తప్పు ప్రశ్న వేసింది మేమే.

ఎనిమిదో వారం

అవే కణాలను మళ్ళీ మళ్ళీ వాడి చూశాము. ప్రతి విడత తరువాత కొద్దిపాటి హెక్సేనుతో ఒకసారి, బఫరుతో రెండుసార్లు కడిగాము. ఐదో విడతకు మొదటి విడత పనిలో సుమారు సగం మిగిలింది. తగ్గినదంతా ఎంజైము చచ్చిపోవడం వల్ల కాదు. కడిగేటప్పుడు ప్రతిసారీ చేతికి రాకుండా పోయిన కణాలు ఉన్నాయి. ఎండబెట్టి తూచితే పోగొట్టుకున్న బరువు తెలిసింది, మిగిలిన బరువుకు లెక్కగడితే పడిపోవడం అంత దారుణంగా లేదు. పత్రాలలో చాలామంది చెప్పే "పది సార్లు వాడినా 80 శాతం" తరహా మాటలకు కింద ఈ బరువు లెక్క ఉందో లేదో చూడటం ఇకనుంచి అలవాటు చేసుకుంటాను.

మాకంటే ముందే బజారులో ఉన్న నోవోజైమ్ 435 సంగతి కూడా మరచిపోకూడదు. అది మరో కాండిడా జాతి లైపేజును ఆక్రిలిక్ రెజిన్ పూసల మీద పట్టించినది, కంటికి కనిపించే పూసలు, మామూలు జల్లెడతో వడకట్టవచ్చు. మా కణాలకు అయస్కాంతం ఎందుకు కావాలంటే, పీచూ బురదా ఉన్న నీటిలో జల్లెడ పట్టలేము కాబట్టి. బురద లేని నీరైతే పూసలే మేలని నా అభిప్రాయం.

తొమ్మిదో వారం

విడిపోయిన కొవ్వు ఆమ్లాన్ని తినేవాళ్ళు కావాలి. పామాయిల్ మిల్లుల్లో ఈ నీటిని ఎలాగూ గాలి తగలని చెరువుల్లో నిలవపెడతారు. అక్కడి సూక్ష్మజీవులు దానిని మీథేనుగా మారుస్తాయి. కాబట్టి మా కణాలు చేయగలిగినది ఆ జీవులకు ముద్ద మెత్తగా కలిపి పెట్టడమే. ఆ సంగతి చూడటానికి రబ్బరు బిరడాలు బిగించిన ఎనిమిది గాజు సీసాలు సిద్ధం చేశాము. ఒక విద్యార్థి ఇంటి గోబర్ గ్యాస్ తొట్టి నుంచి తెచ్చిన పేడనీరు విత్తనం, అంటే సూక్ష్మజీవులు అందులోంచే వస్తాయి. సీసాకు వంద మి.లీ. మిల్లు నీరు. వచ్చిన గాలి సెలైన్ గొట్టం గుండా, క్షారం నింపి తలకిందులుగా పెట్టిన కొలజాడీలోకి వెళుతుంది. క్షారం బొగ్గుపులుసు వాయువును పీల్చేస్తే మిగిలేది మీథేను.

ముందుగా కాగితం మీద ఒక హద్దు గీసుకున్నాము. ఒక గ్రాము సీఓడీ నుంచి రాగలిగే మీథేను 0.35 లీటరు. వంద మి.లీ. నీటిలో 5 గ్రాముల సీఓడీ ఉందనుకుంటే మొత్తం 1.75 లీటర్లు. ఒక గ్రాము కొవ్వు సీఓడీ 2.9 గ్రాములకు దగ్గర కాబట్టి అదే నీటిలోని 0.46 గ్రాముల కొవ్వు వాటా అర లీటరుకు మించదు. అంటే మొత్తం గ్యాసులో మా ఎంజైము తాకగలిగేది నాలుగో వంతు లేదా కాస్త ఎక్కువ. ఆపైన ఏ అంకె కనిపించినా గొట్టంలోకి బయటి గాలి చేరుతోందేమో చూడాలి.

పదో వారం, గురువారం

ఫలితం రెండు ముఖాలుగా వచ్చింది. ఎంజైము కణాలతో గంటసేపే ఊపిన నీరు పోసిన సీసాలు, ఏమీ చేయని నీటి సీసాలకంటే ముందుగా గ్యాసు మొదలుపెట్టాయి. నాలుగో రోజుకే జాడీలో తేడా కంటికి కనిపించింది. ఆరు గంటలు ఊపిన నీరు పోసిన సీసాలు మాత్రం రెండో రోజు దాకా బుడగలు వదిలి, తరువాత మొండికేశాయి. పొడవైన గొలుసు కొవ్వు ఆమ్లాలు ఒక్కసారిగా ఎక్కువైతే మీథేను చేసే జీవుల ఒంటికి అంటుకుని వాటి పనిని ఆపేస్తాయన్నది ఈ రంగంలో తెలిసిన విషయమే. ఆ సీసాల్లో విత్తనపు బురద కొవ్వు పూసుకుని పైకి తేలి, మెడ దగ్గర తెట్టులా పేరుకుంది. ఏడో వారంలో మాకు ఊరటగా కనిపించిన సగం విడిపోవడమే ఇక్కడ ఎక్కువైంది.

పదో వారం, ఆదివారం

మొండికేసిన సీసాలను పారబోయకుండా అలాగే ఉంచమన్నాను. వచ్చే విడతకు ప్రణాళిక మార్చాము: ఎంజైముతో ఊపడం అరగంట, గంట, రెండు గంటలుగా, నీటిని ఒకేసారి కాకుండా రోజుకు ఇరవై మి.లీ. చొప్పున ఐదు రోజులు పోయడం. ఖాళీ కణాల జత, విత్తనం మాత్రమే ఉన్న జత తప్పనిసరి. కణాలు ఇంకో మూడు గ్రాములు కావాలి కాబట్టి మంగళవారం కొత్త సిలేను సీసా వచ్చాక మూడో వారపు పని మళ్ళీ మొదలవుతుంది. సీసా మూత మీద తెరిచిన తేదీ రాయడానికి మార్కరు కూడా కొన్నాము.

సాయంత్రం తాళం వేయబోతుంటే విద్యార్థిని పిలిచింది. పన్నెండు రోజులు కదలని ఆరో నంబరు సీసా గొట్టంలో ఒక బుడగ, కాసేపటికి ఇంకొకటి జాడీలోకి ఎక్కాయి. సమయం రాసుకున్నాము, 5 గంటల 40 నిమిషాలు.